ఎడిన్‌బరోలో నాలుగు రోజులు, కారు లేదు: ఏ గోల్ఫ్ కోర్సు ఎంచుకోవాలి?

గోల్కొండ_టీ

సెప్టెంబరు మూడో వారంలో ఆఫీసు పని మీద ఇద్దరం ఎడిన్‌బరో వెళ్తున్నాం. ఆదివారం పొద్దున దిగుతాం, శుక్రవారం తిరుగు ప్రయాణం. మంగళ, గురువారాలు పూర్తిగా ఖాళీ. బుధవారం మధ్యాహ్నం రెండు తర్వాత ఖాళీ. బస వేవర్లీ స్టేషన్ పక్కనే. కారు తీసుకునే ఉద్దేశం లేదు.

నా హ్యాండిక్యాప్ ఇండెక్స్ (ఆట స్థాయి చెప్పే అంకె, తక్కువైతే మేలు) 18.6, మా సహోద్యోగిది 27. ఇద్దరం హైదరాబాద్‌లోనే ఆడతాం. సముద్రపు ఒడ్డున ఇసుక నేల మీద ఉండే లింక్స్ కోర్సు మాకు పూర్తిగా కొత్త.

సెయింట్ ఆండ్రూస్ ఊళ్లోని ప్రసిద్ధ ఓల్డ్ కోర్సు కోసం రెండు రోజులూ అట్టేపెట్టుకోవచ్చా? అది దొరక్కపోతే రైల్లో వెళ్లి రాగలిగిన మంచి కోర్సు ఏది? క్లబ్బులు ఇక్కణ్ణుంచి మోసుకెళ్లాలా, అక్కడ అద్దెకు తీసుకోవాలా? వివరంగా చెప్పగలరు.

ఫోర్త్_తీరం

ముందు వారంలో రోజు చూసుకోండి, తర్వాతే కోర్సు పేరు. స్కాట్లాండ్‌లో చాలా క్లబ్బులకు శనివారం సభ్యుల పోటీలు ఉంటాయి. బయటివాళ్లకు టీ టైములు (ఆట మొదలుపెట్టే వేళలు) మిగిలేది ఎక్కువగా వారం మధ్యలో, పొద్దున తొమ్మిదిన్నర దాటాక. కాబట్టి మీ మంగళ, గురువారాలు చక్కగా కుదిరాయి. వాటిలో ఒక రోజును ఇప్పుడే ఖాయం చేసుకోండి. రెండు రోజులూ ఓల్డ్ కోర్సులో ఆడే అవకాశం ఇచ్చే లాటరీకి వదిలేస్తే అసలు ఆడకుండానే తిరిగొచ్చే ప్రమాదం ఉంది.

ఖాయం చేసుకోవాల్సినది, నా లెక్కలో, నార్త్ బెరిక్ వెస్ట్ లింక్స్. వేవర్లీలో రైలెక్కితే అరగంట పైచిలుకు ప్రయాణం. అదే చివరి స్టేషన్, దిగి బ్యాగు భుజాన వేసుకుని నడిచి వెళ్లిపోవచ్చు. కారు లేనివాళ్లకు ఇంతకంటే సులువైన పెద్ద కోర్సు ఆ చుట్టుపక్కల లేదు. అక్కడి క్లబ్బు 1832 నాటిది.

మొదటిసారి ఆడేవాళ్లను తికమక పెట్టేవి చివరి ఆరు హోల్స్. 13వ హోల్ పేరు 'పిట్'. గ్రీన్ (జెండా, హోల్ ఉండే నున్నటి గడ్డి) ముందు రాతి గోడ అడ్డంగా పోతుంది, గ్రీన్ ఆ గోడ అవతల గుంటలో ఉంటుంది. చాలామంది చేసే తప్పు టీ షాట్ (హోల్ మొదలయ్యే చోటు నుంచి కొట్టే మొదటి దెబ్బ) బలంగా కొట్టి గోడ దగ్గరికి వెళ్లిపోవడం. 30 గజాల నుంచి గోడ దాటించి, గట్టి నేల మీద బంతిని ఆపడం చాలా కష్టం. 90, 100 గజాలు మిగిలేలా ఆగితే నిండు వెడ్జ్ (బంతిని పైకి లేపే క్లబ్) స్వింగ్‌తో దాటేయొచ్చు. బంతి గోడకు ఆనుకుని ఆగితే ఉచిత రిలీఫ్ (పెనాల్టీ లేకుండా బంతిని జరుపుకునే వీలు) ఉందో లేదో స్కోరు కార్డు వెనక లోకల్ రూల్స్‌లో ఉంటుంది, టీ మీదే చదివేయండి.

15వది 'రెడాన్'. ప్రపంచమంతా అనుకరించిన పార్ 3 (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్) ఇది. గ్రీన్ ముందు కుడి మూల నుంచి వెనక ఎడమ మూలకు వాలుగా దిగిపోతుంది. ముందు ఎడమ పక్క లోతైన బంకర్ (ఇసుక గుంట). జెండా ఎడమ వైపు ఉంది కదా అని నేరుగా దానికే కొడితే బంకర్లో పడుతుంది. ముందు కుడి అంచున బంతిని దింపండి, మిగతా పని వాలు చేసుకుంటుంది. టీ దగ్గరికి గ్రీన్ సరిగ్గా కనబడదు, కనుక మీ ముందు గ్రూపు బంతులు ఏ వైపు దొర్లుతున్నాయో గమనించండి. ఆ తర్వాతి 'గేట్' గ్రీన్ మధ్యలో లోతైన కాలువలాంటి పల్లం ఉండి రెండు ముక్కలుగా ఉంటుంది. జెండా ఏ ముక్క మీద ఉందో తెలుసుకోకుండా క్లబ్ తీయకండి.

ఇక టీల సంగతి, అంటే హోల్ మొదలుపెట్టే చోట్లు, దూరాన్ని బట్టి వేర్వేరు రంగులు. ఏ రంగు టీ నుంచి ఆడాలో తేల్చుకోడానికి పనికొచ్చే లెక్క: మీ 5 ఐరన్ క్లబ్ దెబ్బకు బంతి వెళ్లే దూరాన్ని 36తో గుణించండి. 150 గజాలు కొడితే 5,400 గజాల కోర్సు మీకు సరిపోతుంది. లింక్స్ మీద గాలిని కూడా కలుపుకుంటే, ఆ లెక్క చెప్పినదానికంటే ముందు టీకి వెళ్లడానికి మొహమాటపడొద్దు.

స్విల్కన్_వాగు

ఓల్డ్ కోర్సు లాటరీ, అంటే అక్కడివాళ్లు 'బ్యాలట్' అనేది, ఇలా జరుగుతుంది. ఆడదలచిన రోజుకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం రెండు గంటల లోపు పేర్లు ఇవ్వాలి. ఆన్‌లైన్‌లోనే ఇవ్వొచ్చు. ఒక ఎంట్రీకి కనీసం ఇద్దరు, గరిష్ఠంగా నలుగురు. మీరిద్దరూ కాబట్టి అర్హులే. ఫలితం ఆ సాయంత్రమే తెలుస్తుంది. మంగళవారానికి కావాలంటే ఆదివారం రెండు లోపు, అంటే మీరు దిగిన రోజే. విమానం ఆలస్యమైనా గడువు తప్పకుండా ఫోన్లో వివరాలన్నీ సిద్ధంగా పెట్టుకోండి. హ్యాండిక్యాప్ నంబర్లు అడుగుతారు, రుజువు కూడా దగ్గర ఉంచుకోవాలి.

ఆదివారాలు ఓల్డ్ కోర్సు మూసి ఉంటుంది. ఊరి జనం పార్కులా నడుస్తారు. అది తెలియక ఆదివారం వెళ్లి నిరాశపడేవాళ్లు ఎందరో.

సెప్టెంబరు గురించి ఒక హెచ్చరిక. ఆ నెలలో అక్కడి ఆర్ అండ్ ఏ (రాయల్ అండ్ ఏన్షెంట్) గోల్ఫ్ క్లబ్బు శరదృతు సమావేశం ఉంటుంది, కొన్ని రోజులు కోర్సు వాళ్లకే. అక్టోబరు మొదట్లో డన్‌హిల్ లింక్స్ ప్రొఫెషనల్ పోటీ వస్తుంది. మీ తేదీలను ఈ కోర్సును నడిపే సెయింట్ ఆండ్రూస్ లింక్స్ ట్రస్టు క్యాలెండర్‌తో ఈ రోజే సరిపోల్చుకోండి. ఆ వారం మొత్తం వాళ్లదే అయితే ఈ చర్చే అవసరం లేదు.

బ్యాలట్‌లో పేరు రాకపోతే ఏం చేయాలన్నది ముందే తేల్చుకోవాలి. ఆదివారం సాయంత్రం 'రాలేదు' అని తెలిశాక మంగళవారానికి వేరే చోట వెతకడం కష్టం. అందుకే అదే ట్రస్టు నడిపే మిగతా కోర్సుల్లో ఒకటి మంగళవారానికి ముందే బుక్ చేసుకుని, రద్దు షరతులు చదివి పెట్టుకోండి. న్యూ కోర్సు పేరుకే కొత్తది, 1895లో నాటి ప్రసిద్ధ గోల్ఫర్ ఓల్డ్ టామ్ మోరిస్ తీర్చిన కోర్సు. జూబిలీ 1897ది, బంకర్లు, గోర్స్ ముళ్లపొదలు ఎక్కువ కాబట్టి 27 హ్యాండిక్యాప్‌కు బరువే. ఈడెన్ 1914ది, మీ ఇద్దరికీ నేను చెప్పేది అదే. గాలి ఉన్నా ఆడుకోగలిగిన నిడివి, బంతులు మిగులుతాయి.

ఒక్కొక్కరుగా ప్రయత్నించే దారి ఇంకోటి ఉంది. ముందురోజు రాత్రంతా ఓల్డ్ పెవిలియన్ అనే భవనం దగ్గర వరసలో కూర్చునే పద్ధతి 2024లో పోయింది. ఇప్పుడు ముందురోజు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 లోపు స్వయంగా వెళ్లి పేరు ఇస్తే డ్రా తీసి, ఇద్దరు, ముగ్గురున్న గ్రూపుల్లో ఖాళీ సీటు ఇస్తారు. మీ బుధవారం రెండు గంటల తర్వాత ఖాళీ కాబట్టి, వేవర్లీ నుంచి సెయింట్ ఆండ్రూస్‌కు దగ్గరి స్టేషన్ లూకర్స్ వరకు గంట రైలు, అక్కణ్ణుంచి 99 నంబరు బస్సు, ఐదు లోపు చేరుకోవచ్చు. అయితే ఇద్దరికీ వస్తుందన్న భరోసా లేదు, వచ్చినా ఒకే గ్రూపులో ఉండరు. గురువారం నార్త్ బెరిక్‌లో ఖాయమై ఉంటే దీని జోలికి పోవద్దు.

గోల్కొండ_టీ

ఇద్దరికీ కృతజ్ఞతలండీ. గురువారం నార్త్ బెరిక్, మంగళవారం ఈడెన్ పెట్టుకుని బ్యాలట్ వేస్తాం. రెండు సందేహాలు మిగిలాయి. ఇక్కడి 18.6 ఇండెక్స్ అక్కడ ఎలా చెల్లుతుంది? మా దగ్గర క్యాడీ (బ్యాగు మోసే సహాయకుడు) బంతి వెతికి పెడతాడు, అక్కడ క్యాడీ లేకుండా 27 హ్యాండిక్యాప్ ఉన్నవాళ్లు నెట్టుకురాగలరా?

స్లోప్_113

ఇండెక్స్ నేరుగా చెల్లుతుంది, ప్రపంచమంతా ఒకే హ్యాండిక్యాప్ విధానం. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ రికార్డు నుంచి మీ ఇండెక్స్ పేజీ ప్రింటు తీసుకెళ్లండి. ఫోన్లో స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంటే, సిగ్నల్ లేని చోట పేజీ తెరవమని అడిగినప్పుడు ఇరుక్కుంటారు.

దాన్ని ఆ కోర్సుకు మార్చుకోవాలి. ఇండెక్స్‌ను ఆ టీ స్లోప్‌తో (ఆ టీ మామూలు ఆటగాడికి ఎంత కష్టమో చెప్పే అంకె) గుణించి, 113తో భాగించి, దానికి కోర్సు రేటింగ్‌లోంచి (మంచి ఆటగాడికి పట్టే దెబ్బల అంచనా) పార్ (కోర్సుకు నిర్దేశించిన దెబ్బలు) తీసేసిన అంకెను కలపాలి. బ్రిటన్‌లో ఈ చివరి కూడిక 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది, పాత చార్టులు చూసి లెక్కేస్తే తేడా వస్తుంది.

లెక్క అర్థం కావడానికి అంకెలు ఊహించి చెబుతాను. స్లోప్ 128, రేటింగ్ 72.1, పార్ 71 ఉన్న టీ నుంచి మీ 18.6 ఇలా మారుతుంది: 18.6ను 128తో గుణించి 113తో భాగిస్తే 21.07, దానికి 1.1 కలిపితే 22.17, అంటే మీకు 22 స్ట్రోకుల (దెబ్బల) మినహాయింపు. అదే స్లోప్ 113, రేటింగ్ 68.2, పార్ 70 ఉన్న టీ అయితే 18.6లోంచి 1.8 పోయి 16.8, అంటే 17. రెండు కోర్సుల్లో మీకు ఏది కష్టమో పేరు చెప్పదు, ఈ ఐదు స్ట్రోకుల తేడా చెబుతుంది. బుక్ చేసే ముందు ప్రతి కోర్సు సైట్లో స్కోరు కార్డు తెరిచి, మీరు ఆడబోయే టీ వరసలో ఈ మూడు అంకెలు చూసుకోండి. అయితే ఒకటి: రేటింగ్‌లో మామూలు గాలే లెక్కలోకి వస్తుంది, తుఫాను గాలి రాదు.

క్యాడీ విషయం. స్కాట్లాండ్‌లో క్యాడీ తప్పనిసరి కాదు, కావాలంటే ముందే చెప్పి పెట్టుకోవాలి, విడిగా డబ్బు. లేకపోతే తోపుడు ట్రాలీ అద్దెకు తీసుకోండి. బగ్గీ (కూర్చుని నడిపే చిన్న బండి) మీద ఆశ పెట్టుకోకండి, లింక్స్ కోర్సుల్లో చాలాచోట్ల వైద్య కారణం చూపితేనే ఇస్తారు.

బంతి వెతకడానికి మూడు నిమిషాలే, 2019లో ఐదు నుంచి తగ్గించారు. గోర్స్ పొదలోకి వెళ్లిందని అనుమానం రాగానే ప్రొవిజనల్ (ముందుజాగ్రత్తగా ఇంకో బంతి) కొట్టేయండి. 27 హ్యాండిక్యాప్ ఉన్నవారికి ఎక్కువ దెబ్బ తగిలేది అక్కడ కాదు, లోతైన బంకర్లలో. బంతి ముందు గోడ నిటారుగా ఉంటే జెండా వైపు కొట్టే ప్రయత్నం మానుకుని పక్కకో వెనక్కో ఒక్క షాట్‌తో బయటపడాలి. అదీ కుదరకపోతే రెండు పెనాల్టీ స్ట్రోకులతో, జెండా నుంచి బంతి మీదుగా వెనక్కి గీసిన గీత మీద, బంకర్ బయట డ్రాప్ చేయొచ్చు. ఇసుకలో నాలుగు దెబ్బలు వృథా చేయడం కన్నా ఆ రెండే చవక.

ఓల్డ్ కోర్సు తగిలితే మీ సహోద్యోగికి ఒక్క మాట చెప్పండి: అనుమానం వస్తే ఎడమకు. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు ఫెయిర్‌వేలు (టీ నుంచి గ్రీన్ దాకా కత్తిరించిన గడ్డి దారులు) పక్కపక్కనే కలిసి ఉంటాయి కాబట్టి ఎడమ వైపు చోటు చాలా ఉంటుంది. గ్రీన్లలో ఏడు జంట గ్రీన్లు, ఒక్కో గ్రీన్ మీద రెండు జెండాలు. జతగా ఉన్న రెండు హోల్స్ నంబర్లు కలిపితే 18 వస్తుంది, 2తో 16, 3తో 15 అలా. మీది ఏ జెండానో చూసుకోకపోతే 60 గజాల పట్ కొట్టాల్సి వస్తుంది.

హాఫ్_సెట్

క్లబ్బుల ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు. రెండు రౌండ్లకు అద్దె సెట్టే మేలు. టీ టైమ్ బుక్ చేసేటప్పుడే సెట్ కూడా చెప్పేయండి, ఆ రోజు వెళ్లి అడిగితే మిగిలినది తీసుకోవాలి. అడగాల్సినవి: కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా, షాఫ్ట్ రెగ్యులరా స్టిఫ్ఫా, శాండ్ వెడ్జ్ (ఇసుకలోంచి కొట్టే క్లబ్) బౌన్స్, అంటే దాని అడుగు వాలు ఎంత. ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. అక్కడ ఫెస్క్యూ గడ్డి పొట్టిగా, కింద నేల గట్టిగా ఉంటుంది. 12, 14 డిగ్రీల బౌన్స్ ఉన్న వెడ్జ్ నేలకు తగిలి ఎగిరి, అంచు బంతి నడుముకు తగులుతుంది, బంతి గ్రీన్ దాటి పోతుంది. 8 డిగ్రీలో అంతకంటే తక్కువో అడగండి. లేదంటే గ్రీన్ బయట 15 గజాల దాకా పట్టర్‌తోనే కొట్టండి, గడ్డి అడ్డుపడదు.

ఇక్కణ్ణుంచి తీసుకెళ్లాల్సినవి: మీ పాదాలకు అలవాటైన షూ, రెండు గ్లోవ్‌లు, వాన గ్లోవ్ ఒక జత, పైకీ కిందికీ వాటర్‌ప్రూఫ్ బట్టలు. గొడుగు వద్దు, ఆ గాలికి తిరగబడుతుంది. బంతులు మనిషికి డజను.

బుక్ చేసే ముందు ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి: గ్రీన్లకు హాలో టైనింగ్ ఎప్పుడు? గ్రీన్ నిండా చిన్న గుంటలు పొడిచి, మట్టి తీసి, ఇసుక నింపుతారు. వేసవి చివర, శరదృతువు మొదట్లో చేసే క్లబ్బులు ఎక్కువ. అది జరిగిన వారంలో వెళ్తే నిండు గ్రీన్ ఫీజు కట్టి గరుకు నేల మీద పట్ చేస్తారు.

ఫోర్త్_తీరం

బుధవారం మధ్యాహ్నం మిగిలింది కదా. సెప్టెంబరు మూడో వారంలో అక్కడ సూర్యాస్తమయం రాత్రి ఏడూ పావు ప్రాంతంలో. రెండింటికి పని ముగించి, 18 హోల్స్ ఆడటం హడావిడే. మస్సెల్‌బరో ఓల్డ్ లింక్స్‌కి వెళ్లండి, తొమ్మిది హోల్సే. 1672లో అక్కడ గోల్ఫ్ ఆడినట్టు రాతపూర్వక ఆధారం ఉంది. 1874 నుంచి 1889 మధ్య ఆరుసార్లు ఓపెన్ చాంపియన్‌షిప్ జరిగింది. మనం రోజూ ఆడే నాలుగుంపావు అంగుళాల హోల్ కొలత కూడా 1829లో అక్కడ వాడిన కట్టర్ నుంచే వచ్చింది. హికరీ కర్ర షాఫ్టుల పాత క్లబ్బులు అద్దెకు ఇస్తారు, వాటితో ఆడండి.

రెండు జాగ్రత్తలు. కోర్సు గుర్రప్పందాల ట్రాక్ లోపల ఉంటుంది, పందెం ఉన్న రోజు గోల్ఫ్ ఉండదు, ముందే క్యాలెండర్ చూడాలి. మస్సెల్‌బరో రైల్వే స్టేషన్ ఊరికి అవతలి పక్క, లింక్స్‌కి దూరం. సిటీ బస్సులో వెళ్లడమే నయం. ఆ బుధవారం పందెం పడితే ఊళ్లోనే ఉన్న బ్రెయిడ్ హిల్స్ మునిసిపల్ కోర్సుకు ఫోన్ చేసి, పొద్దుపోయే లోపు ఎన్ని హోల్స్‌కి సమయం ఇస్తారో అడగండి. 1889 నాటి కోర్సు, కొండ మీద నుంచి కోట కనబడుతుంది, సభ్యత్వం గొడవ లేదు.