మారిషస్ పది రూపాయల పాత నోటుకు ఎంత రావచ్చు?

మిర్యాలగూడ కుర్రాడు: మా పెదనాయన పెట్టెలో దొరికింది. ఎర్ర రంగు, ఎలిజబెత్ రాణి బొమ్మ, సంవత్సరం ఎక్కడా లేదు. నడుమ మడత, మూలకు పిన్ను రంధ్రం. లామినేషన్ చేయించాలా అన్నా?

పాలమూరు నోట్లు: లామినేషన్ మాత్రం వద్దు తమ్ముడూ! ఇస్త్రీ కూడా పెట్టకు, విలువ పడిపోతుంది. 1967లో మొదలైన సిరీస్ అది. నోటు మీద సంవత్సరం వేయలేదు కాబట్టి సంతకాలు చూడాలి. అవి మారితే ధర మారుతుంది. వెలుతురుకు పట్టి చూడు, డోడో పక్షి వాటర్‌మార్క్ కనబడాలి. ఎప్పుడో అంతరించిన పక్షి అలా కాగితంలో తేలుతుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

నల్లగొండ టీచర్: 1998 మారిషస్ నోట్లు దొరికితే వదలొద్దు. వాటి మీద తమిళ రాతను హిందీ రాత కిందికి దించారని అక్కడి తమిళులు గొడవ చేస్తే ఆ నోట్లు వెనక్కి తీసుకున్నారు.

మిర్యాలగూడ కుర్రాడు: డోడో ఉందన్నా! ఇక్కడ ఒకాయన వెంటనే అమ్మమంటున్నాడు.

పాలమూరు నోట్లు: తొందరపడకు. ఆన్‌లైన్‌లో అడిగే ధరలు కాదు, అమ్ముడైన ధరలు చూడు. అదీ మడత, రంధ్రం ఉన్న నోట్లవే. సంతకాల ఫొటో పెట్టు, చూసి చెప్తా.