మదకరీంద్రము నిల్పి? డిగ్గి?

సీసం నేస్తం:
కృష్ణదేవరాయలు పోయాక ఆయన్ని తలచుకుని పెద్దన చెప్పాడనే సీస చాటువులో ఒక మాట కొన్నాళ్ళుగా నన్ను వదలడం లేదు. ‘ఎదురైనచో తన మదకరీంద్రము నిల్పి, కేలూత యొసగి యెక్కించుకొనియె’ అని నా దగ్గరున్న పుస్తకంలో ఉంది. నా చెవిలో మాత్రం ‘నిల్పి’ బదులు ‘డిగ్గి’ (దిగి) అనే మోగుతోంది. అలా చదివినవాడు మా పదో తరగతి సహాధ్యాయి. మా జిల్లా పరిషత్తు బడిలో పద్యపఠనం పోటీ అంటే మొదటి బహుమతి వాడిదే, రెండోదాని కోసం మిగతావాళ్ళం కొట్టుకునేవాళ్ళం. సీసపద్యం తప్ప ఇంకొకటి ముట్టేవాడు కాదు, అందుకే వాడికి ‘సీసం’ అనే పేరు స్థిరపడింది. డిగ్రీ రెండో ఏడాదిలో కామెర్లు ముదిరి పోయాడు. ఈ ఏడు నుంచి బడిలో వాడి పేరున పద్యపఠన పోటీ పెట్టి షీల్డు ఇద్దామనుకుంటున్నాం. దాని మీద ఈ పద్యం చెక్కించాలి. ‘డిగ్గి’ పాఠానికి ఆధారం ఎవరికైనా తెలుసా?

చంపకమాల:
రెండూ వినబడేవే. ఛందస్సు తీర్పు చెప్పదు. ‘ద్రము నిల్పి’ అన్నా ‘ద్రము డిగ్గి’ అన్నా సీసానికి చెల్లే ఇంద్రగణం, సలమే. రెండో అక్షరం కలవాల్సిన ప్రాసయతి ‘ఎదు–మద’ దగ్గరే తీరిపోయింది. ఇక మిగిలింది అర్థం. పెద్దన ‘ఎక్కించె’ అనలేదు, ‘ఎక్కించుకొనియె’ అన్నాడు. పైన కూర్చున్నవాడే పక్కకు ఎక్కించుకుంటాడు. కాబట్టి ‘నిల్పి’.

కడప మాస్టారు:
చంపకమాల గారు ‘కొను’ను పట్టుకుని ‘ఊత’ను వదిలేశారు. పైనుంచి చెయ్యి చాస్తే అది అందించడం అవుతుంది. ఊత అనేది కింద నుంచో పక్క నుంచో పెట్టేది. పందిరికి ఊత, ముసలివాడికి ఊతకర్ర. రాయలు నేల మీద నిలబడి కవి అడుగుకు తన చెయ్యి ఊతగా ఇచ్చాడు. గౌరవం అంతా అందులోనే ఉంది. తర్వాత పల్లకి తన కేల పట్టి ఎత్తినవాడికి, కాలికి గండపెండేరం తొడిగినవాడికి ఏనుగు దిగడం ఒక లెక్కా? మూడు పాదాల్లోనూ రాజు కిందికి వస్తూనే ఉన్నాడు. మొదటి పాదంలో మాత్రం అంబారీ మీద కూర్చుంటే పద్యం నడక చెడుతుంది.

చంపకమాల:
నడక చెడదు మాస్టారూ, పెరుగుతుంది. మొదట పక్కన కూర్చోబెట్టుకున్నాడు, తర్వాత మోశాడు, ఆపైన పాదం పట్టాడు. మొదటి పాదంలోనే దిగిపోతే తర్వాత దిగడానికి ఏం మిగులుతుంది?

తాళపత్రం:
ఇద్దరూ కాదు. అసలు పాఠం ‘తిగిచి’ అయి ఉండాలి. పోతన ‘కరి దిగుచు మకరి సరసికి’ అన్నప్పుడు ‘దిగుచు’ అంటే లాగడమే కదా. ఏనుగును పగ్గం బిగించి లాగి ఆపాడు. తిగిచి, దిగిచి, డిగ్గి అని లేఖకుల చేతుల్లో మారిపోయింది.

చంపకమాల:
‘ద్రము దిగిచి’ అంటే ఐదు లఘువులు. అది ఏ ఇంద్రగణమో సెలవివ్వండి.

తాళపత్రం:
చాటువుల దగ్గర అంత కచ్చితంగా ఉండనక్కర్లేదు.

చంపకమాల:
మనుచరిత్ర రాసినవాడి చాటువు దగ్గర ఉండాలి.

గోదారి గట్టు:
ఇది పెద్దనదే అని ఎవరు చెప్పారు? చాటువంటే ఊరందరి నోట నలిగిన సొత్తు. 1529లో రాయలు పోయాక ఎవరో పెద్దన గొంతు పెట్టుకుని చెప్పి ఉండవచ్చు. నాకైతే శ్రీనాథుడిదని చెప్పే ‘కాశికా విశ్వేశు గలిసె వీరారెడ్డి’ దీనికన్నా గుండెకు తగులుతుంది. ఒక్కొక్క ప్రభువూ పోయాడంటూ, ‘దినవెచ్చ మేరాజు దీర్పగలడు’ అని రోజువారీ ఖర్చు దగ్గరికి దిగాడు చూడండి. అదీ దుఃఖమంటే.

కడప మాస్టారు:
శ్రీనాథుణ్ణి ఎత్తుకుంటే తెల్లవారుతుంది. ఆయన పోయిన ప్రభువుల కోసం ఏడ్చాడా, వాళ్ళిచ్చే కస్తూరి కోసం ఏడ్చాడా అన్నది ఇంకో రోజు చూద్దాం.

గోదారి గట్టు:
పెద్దన మాత్రం అగ్రహారాలు లెక్కపెట్టలేదా? నాలుగో పాదం మళ్ళీ చదవండి.

మల్లెపందిరి:
అడిగింది ఒక స్నేహితుడి కోసం. ఇది కొలువు కవి ఏలిక కోసం ఏడ్చిన పద్యం. తోటివాడి కోసం కావాలంటే శ్రీశ్రీ ఉన్నాడు కదా. 1937లో పోయిన కొంపెల్ల జనార్దనరావుకు ‘మహాప్రస్థానం’ పుస్తకాన్ని ఒక కవితతో అంకితమిచ్చాడు. ‘ఉదయిని’ పత్రిక నడిపిన కొంపెల్ల పేరు చాలామందికి ఆ కవిత వల్లే తెలుసు. అందులోంచి రెండు పంక్తులు తీసుకోండి.

సీసం నేస్తం:
ఆ కవిత నాకూ ఇష్టమే. కానీ సీసం వచన కవిత్వాన్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదండి. వాడి షీల్డు మీద దాన్ని చెక్కిస్తే నన్ను క్షమించడు.

వెనక బెంచీ:
ఒరేయ్, నువ్వేనా! నేను అదే తరగతి, కిటికీ పక్కవాణ్ణి. వాడు బడిలో ఎప్పుడూ ‘నిల్పి’ అనే చదివేవాడు. ‘డిగ్గి’ అన్నది డివిజన్ పోటీలో ఒక్కసారి. న్యాయనిర్ణేత అదేమిటని అడిగితే ‘రాజు దిగితేనే బాగుంటుందండి’ అన్నాడు. మార్కులు తగ్గించారు. తిరుగు బస్సులో నాతో గొడవ పడి కూర్చున్నాడు, ఆ మార్కులు నేను తగ్గించినట్టు.

సీసం నేస్తం:
డివిజన్ పోటీకి నేనూ వచ్చాను రా. బడిలోనూ ‘డిగ్గి’ అనేవాడు. ఆ మాట దగ్గర మోకాలు వంచి చూపించేవాడు, అందరం నవ్వేవాళ్ళం. గుర్తు లేదా?

వెనక బెంచీ:
మోకాలు వంచింది ‘పల్లకి’ దగ్గర. ఏనుగు దగ్గర చెయ్యి చాచేవాడు. ముందుకు చాచేవాడు, కిందికి కాదు.

కడప మాస్టారు:
ముందుకా, కిందికా? ఇది ముఖ్యం. మరోసారి గుర్తు తెచ్చుకోండి.

మల్లెపందిరి:
మాస్టారూ!

సీసం నేస్తం:
ఇంతలో ఒక కబురు. షీల్డు చేసేవాడు ఫోను చేశాడు. ఇత్తడి రేకు మీద సీసమంతా పట్టదట, నాలుగు పంక్తులే వస్తాయన్నాడు. కాబట్టి సీసం చివర వచ్చే ఎత్తుగీతి ఒక్కటే. ‘ఆంధ్రకవితాపితామహ’ నుంచి ‘బ్రతికియున్నాడ జీవచ్ఛవంబ నగుచు’ దాకా. ఏనుగు ఎలాగూ పోయింది. నమూనాలో మాత్రం ‘జీవచ్ఛవంబు నగుచు’ అని కొట్టి పంపాడు. దిద్దమని చెప్పాలా?

చంపకమాల:
తప్పకుండా. ‘జీవచ్ఛవంబను అగుచు’, ఆ ‘ను’ ఉత్తమపురుషది. నేను జీవచ్ఛవాన్ని అవుతూ అని. ‘బు’ చేస్తే పద్యంలోంచి ‘నేను’ జారిపోతుంది.

తాళపత్రం:
ఎందుకు జారాలి? ‘ఉన్నాడ’లో ‘నేను’ ఉండనే ఉంది. ‘జీవచ్ఛవంబును’ అని సముచ్చయంగా తీసుకోండి. బ్రతికీ ఉన్నాను, శవాన్నీ అవుతున్నాను. గణం కూడా సరిపోతుంది, ఈసారి లఘువులు లెక్కపెట్టుకోండి.

చంపకమాల:
గణం సరిపోయినంత మాత్రాన వ్యాకరణం సరిపోదు. సముచ్చయానికి జత ఏదీ? ‘బ్రతికి’ అన్న క్త్వార్థానికి నామవాచకాన్ని జతకడతారా?

గోదారి గట్టు:
నాదొక సందేహం. పిల్లల చేతికిచ్చే షీల్డు మీద శవం ఏమిటి? హెడ్‌మాస్టరు ఒప్పుకుంటారా?

వెనక బెంచీ:
ఒప్పుకున్నారండి. ఆయనా మా సీసం వల్ల రెండో బహుమతి తిన్నవారే, మాకన్నా ఒక తరగతి పైన.

తాళపత్రం:
షీల్డు సంగతి మీరు మీరు తేల్చుకోండి. సీసం నాలుగో పాదంలో ‘గోకటగ్రామా ద్యనేకాగ్రహారంబు’ అని కొందరంటారు, ‘కోకట’ అని కొందరంటారు. ఊరు కోకటమే కదా?

కడప మాస్టారు:
కోకటమే, కమలాపురం దగ్గర. ముందు పాదం చివర ‘దొడిగె’ ఉంది కనుక గసడదవాదేశం వచ్చి, ‘క’ ‘గ’గా మారి ‘గోకట’ అయింది. ‘వచ్చిరి వోయిరి’ లాగా.

చంపకమాల:
తెలుగు మీది సాంస్కృతిక (అంటే సంస్కృత పదాల) పరుషాలకు గసడదవలు రావు.

కడప మాస్టారు:
కోకటం సంస్కృతమని మీకెవరు చెప్పారు?

చంపకమాల:
పక్కన ‘గ్రామ’తో సమాసం చేసింది పెద్దన. ఊరి పేరు దేశ్యమని మీరే నిరూపించండి.