"లెజియోనెస్ రెడ్డె": తిరిగివ్వు అనాలా, అప్పజెప్పు అనాలా?

పాతపుస్తకాల పిచ్చి:
అందరికీ నమస్కారం. ఒక వ్యాసం తెలుగు చేస్తూ ఒక్క వాక్యం దగ్గర రెండ్రోజులుగా ఆగిపోయా. క్రీ.శ. 9లో ట్యూటోబర్గ్ అడవిలో జర్మన్ తెగలు మూడు రోమన్ లెజియన్లని (అంటే సైన్యంలో పెద్ద దళాలు), 17, 18, 19 నంబర్లవి, ఊచకోత కోశాయి కదా, ఆ సంగతి. రోమన్ గవర్నరు వారుస్ నమ్మి పక్కన కూర్చోబెట్టుకున్న జర్మన్ తెగ నాయకుడు ఆర్మీనియుసే దారి తప్పించి అడవికీ బురదకీ మధ్య ఇరుకు బాటలోకి లాక్కెళ్లాడు, పైగా వాడికి రోమన్ పౌరసత్వం కూడా ఉంది, వాణ్ణి నమ్మొద్దని సెగెస్టెస్ అనే వాళ్ల తెగ పెద్దే ముందుగా చెప్పినా వారుస్ వినలేదు, చివరికి తన కత్తి మీదే పడి చచ్చిపోయాడు. కబురు రోమ్‌కి చేరాక డెబ్బై దాటిన చక్రవర్తి అగస్టస్ నెలల తరబడి జుట్టూ గడ్డమూ తీయించుకోకుండా, తల తలుపుకేసి కొట్టుకుంటూ అరిచాడని రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు: "క్వింక్టిలీ వారె, లెజియోనెస్ రెడ్డె!"
"వారుస్, నా సైన్యాలు నాకు తిరిగి ఇచ్చెయ్" అని రాస్తే డబ్బింగ్ సినిమాలా ఉంది. ఏమంటారు?

లాటిన్ నేర్చుకుంటున్నా:
ముందు ఒక నవ్వు. "వారె... రెడ్డె" అంటే మన రెడ్డిగారెవర్నో పిలిచినట్టే ఉంది :) ఇక అసలు సంగతి, మూలంలో "నా" లేదు, "నాకు" లేదు, రెండు ముక్కలంతే. అవి మీరు కలిపారు కాబట్టే బరువెక్కింది. రెడ్డె అంటే ఇచ్చింది వెనక్కివ్వమనడం, బాకీ తీర్చమనడం. బడిపిల్లాడు అయ్యవారి ముందు పాఠం వల్లించడానికి కూడా లాటిన్లో ఇదే క్రియ, రోమన్ కవి హొరేస్ వాడాడు. మనకీ అంతేగా, తాళాలూ అప్పజెప్తాం, ఎక్కాలూ అప్పజెప్తాం! నా ఓటు "అప్పజెప్పు"కే.

ఓరుగల్లు పిల్లగాడు:
మా దిక్కు ఒప్పజెప్పుడు అంటరు, పెండ్లిల పిల్లను ఒప్పజెప్పేటప్పుడు అందరు ఏడుస్తరు సూడు, అదే యాదికొస్తది. అండ్ల "వెనక్కి" అన్న అర్థం యాడిది అన్నా?

లాటిన్ నేర్చుకుంటున్నా:
నిజమే తమ్ముడూ, మాటలో "వెనక్కి" లేదు. కానీ "శవాన్ని బంధువులకు అప్పజెప్పారు" అని పేపర్లో రాస్తారు, ఎవరి సొత్తు వాళ్ల చేతికి చేరడం అన్నమాట. ఇక్కడ అప్పజెప్పాల్సినవాడే చచ్చిపోయాడు, మరోబోదువుస్ అనే జర్మన్ రాజు పంపితే వారుస్ తలకాయ ఒక్కటే రోమ్‌కి వచ్చింది. లేనివాణ్ణి బాకీ అడుగుతున్నాడు ముసలాయన.

పాతపుస్తకాల పిచ్చి:
మరి పిలుపో? "ఓరీ వారుస్" అనొచ్చా? వారుస్ పెళ్లాం అగస్టస్ అక్కకి మనవరాలు, అంటే ఇంటి అల్లుడి వరస.

లాటిన్ నేర్చుకుంటున్నా:
"ఓరీ" వద్దండీ, తిట్టులా ఉంటుంది. వారుస్ సంబోధనలో వారె అవుతుంది, రాముడు రామా అయినట్టు, అంతే. "వారూ" అని దీర్ఘం తీస్తే చాలు, అరుపు దాంట్లోనే వస్తుంది.

ఎముకల డాక్టర్:
టాపిక్ కాదు గానీ చెప్పకుండా ఉండలేను. వారుస్ అంటే లాటిన్లో వంకరకాళ్లవాడు. దొడ్డికాళ్ల పిల్లలొస్తే ఇప్పటికీ మేం కేస్‌షీట్‌లో రాసేది "జెనూ వేరమ్" అనే.

జర్మనీ నుంచి:
ఇక్కడ ఈ యుద్ధాన్ని ఇప్పటికీ "వారుస్‌ష్లాహ్ట్" అనే అంటారు, అంటే వారుస్ యుద్ధం. గెలిచినోడి పేరు కాదు, ఓడినోడి పేరు! మనం పల్నాడు, బొబ్బిలి అని చోటుతో చెప్తాం కదా. ఇక్కడి జాంటెన్ ఊళ్లో దొరికిన ఒక స్మారక రాతి మీద 18వ లెజియన్ సెంచూరియన్ (దళంలో ఒక అధికారి) మార్కుస్ కేలియుస్ "వారుస్ యుద్ధంలో" పోయాడని చెక్కి ఉంది, ఎముకలు దొరికితే ఇందులో పెట్టుకోవచ్చని కూడా రాశారు, అది చదివితే గొంతు పట్టేస్తుంది.
ఆర్మీనియుస్‌ని తర్వాత హెర్మన్‌గా మార్చేసి డెట్‌మోల్డ్ దగ్గర కొండమీద పెద్ద విగ్రహం పెట్టారు, 1875లో పూర్తయింది. పైకెత్తిన కత్తే ఏడు మీటర్లు, దాని ఒక పక్క "జర్మన్ ఐకమత్యం నా బలం", రెండో పక్క "నా బలం జర్మనీ శక్తి" అని ఉంటుంది, కింద నుంచి మెడ నొప్పి పుట్టేదాకా చూసినా నాకు అక్షరం ఆనలేదు. వాడి భార్య టుస్‌నెల్డా గతి ఇంకా అన్యాయం, గర్భిణిగా రోమన్లకి చిక్కింది, ఇప్పుడేమో ఆ పేరు "టుస్సీ"గా అరిగిపోయి, ఎప్పుడూ మేకప్ యావలో ఉండే అమ్మాయిని వెక్కిరించే మాటైంది.

పాతపుస్తకాల పిచ్చి:
రోమన్లు ఆ మూడు నంబర్లు మళ్లీ ఏ లెజియన్‌కీ పెట్టలేదు, కాబట్టి "సైన్యాలు" తీసేసి లెజియన్లు అనే ఉంచుతున్నా. ఇలా పంపిస్తున్నా, అభ్యంతరాలుంటే రాత్రిలోపు చెప్పండి:
"క్వింక్టిలియుస్ వారూ, లెజియన్లు అప్పజెప్పు!"

ఓరుగల్లు పిల్లగాడు:
ఒప్పజెప్పు :)