ఐఫోన్ వీడియో ఫెడోరాలో బొమ్మ రావడంలా, ఓపెన్ స్టాండర్డ్ అంటే ఇదేనా?

బైరాగిపట్టెడ_మిక్సింగ్:
అన్నలూ, తిరుపతిలో నాది పెళ్లి వీడియోల మిక్సింగ్ షాపు. లైసెన్సు గోల ఉండదులే అని రెండు పాత సిస్టమ్స్‌లో ఫెడోరా అనే ఫ్రీ లైనక్స్ వేసినా. మొన్న తిరుచానూరు పెళ్లికి కెమెరామన్ సగం క్లిప్పులు ఐఫోన్లో తీసి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినాడు, ఓపెన్ చేస్తే నాదస్వరం వినపడతా ఉంది, బొమ్మ మాత్రం నలుపు. పెళ్లికూతురి నాయన పక్కనే కూర్చోనుండాడు, "ఏమబ్బా, తాళి కట్టేది కనపడదా" అంటాడు. వెతికితే ఆ క్లిప్పులు హెచ్.265 అనే వీడియో కుదించే పద్ధతిలో ఉన్నాయంట, దాని మీద పేటెంట్లంట. ఆ స్టాండర్డ్ పీడీఎఫ్ ఐటీయూ (టెలికం స్టాండర్డ్స్ పెట్టే ఐరాస సంస్థ) సైట్లో ఫ్రీగానే ఉంది, నేనే దించుకున్నా. చదువుకో గానీ వాడొద్దు అంటే ఎట్లన్నా?

రేణిగుంట_రూట్:
తిరకాసంతా అక్కడే తమ్ముడూ. పుస్తకం ఫ్రీ, అందులో చెప్పినట్టు కోడ్ రాసి పంచితే మాత్రం డబ్బులు. స్టాండర్డ్‌లో తమ టెక్నిక్ పెట్టించుకున్న కంపెనీలు "సబబైన రేటుకి అందరికీ లైసెన్సు ఇస్తాం" అని రాసిస్తాయి, దాన్నే ఫ్రాండ్ అంటారు. ఫోన్ కంపెనీకి అది సరిపోతుంది, ఎన్ని అమ్మిందో లెక్కుంటుంది. ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కి లెక్కేది? నేను నీకిస్తా, నువ్వు నీ బామ్మర్దికిస్తావ్, వాడు ఊరంతా పంచుతాడు. దీనికి ముందొచ్చిన హెచ్.264కి ఏడాదికి లక్ష కాపీలు దాటితే కాపీకి 20 సెంట్లు అన్నారు, ఎవురు ఎవురి దగ్గర వసూలు చేయాల? శానా ఫ్రీ ప్రోగ్రాంలకుండే జీపీఎల్ లైసెన్సు రెండో వెర్షన్ 7వ సెక్షన్ అయితే, తీసుకున్నోళ్లందరూ రాయల్టీ లేకుండా పంచుకోలేకపోతే నువ్వసలు పంచనే పంచొద్దంటది.

ఫెడోరా వెనకుండేది అమెరికా కంపెనీ రెడ్‌హ్యాట్, కోర్టు భయంతో ఇట్లాంటి కోడ్ లేకుండానే ఫెడోరా ఇస్తారు, 2022లో ఈ ఫార్మాట్లకి గ్రాఫిక్స్ కార్డు చేసే డీకోడింగ్ (కుదించింది విప్పడం) కూడా ఆపేసినారు. 264కి సిస్కో కంపెనీ తనే రెడీమేడ్ ప్రోగ్రాం (బైనరీ) కట్టి ఫీజు తనే భరిస్తా ఉంది, 265కి అట్లాంటి పుణ్యాత్ముడు దొరకలా, పైగా దానికి ఒకటి కాదు మూడు పేటెంట్ పూల్స్ (పేటెంట్లన్నీ కలిపి లైసెన్సిచ్చే గుంపులు) పుట్టుకొచ్చినాయి. ఈ తలనొప్పితోనే 2015లో గూగుల్, నెట్‌ఫ్లిక్స్, మొజిల్లా లాంటోళ్లు చేతులు కలిపి, 2018లో ఏవీ1 అనే ఇంకో వీడియో కుదించే పద్ధతిని రాయల్టీ లేకుండా వదిలినారు.

నీ పనికి ఫ్లాట్‌హబ్ అనే యాప్ స్టోర్ నుంచి వీఎల్‌సీ ప్లేయర్ వేసుకో. ఎడిటింగ్‌కి, ఫెడోరా ఇవ్వనివి బయట నుంచి ఇచ్చే ఆర్పీఎం ఫ్యూజన్‌లోని ఎఫ్ఎఫ్ఎంపెగ్ (వీడియో మార్చే టూల్).

లడ్డూ_బ్రో:
మన లడ్డూకి కూడా పేటెంట్ ఉంది కదా, దాన్నెవురూ తిట్టరే 😄

చిత్తూరు_కోర్టుదారి:
లడ్డూది పేటెంట్ కాదు సామీ, జీఐ (ఊరి పేరుతో అమ్మే సరుకుకిచ్చే రక్షణ), 2009లో వచ్చింది. నువ్వింట్లో శెనగపిండి, నెయ్యి, జీడిపప్పు వేసి లడ్డూ చుట్టుకో, ఎవురూ అడగరు. తిరుపతి లడ్డూ అని బోర్డు పెట్టి అమ్మితేనే తంటా. పేటెంట్ అయితే పేరు మార్చినా, ఎవురిదీ చూడకుండా నీ బుర్రతో నువ్వే కనుక్కున్నా, ఆ పద్ధతి వాడితే దొరికిపోయినట్టే, 20 ఏళ్లు అంతే.

ఇంకోటి, ఇండియాలో సాఫ్ట్‌వేర్ పేటెంట్లు లేవని కొందరు ధీమాగా చెప్తారు. 1970 పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె)లో "కంప్యూటర్ ప్రోగ్రాం పర్ సే"కి, అంటే ఒట్టి ప్రోగ్రాంకి, పేటెంట్ ఇవ్వరని ఉంది నిజమే, 2004 చివర్లో ఆర్డినెన్సుతో దాన్ని సడలిస్తే 2005లో పార్లమెంటు ఒప్పుకోలా. కానీ ఆ "పర్ సే" సందులోంచి దూరిపోయేవి శానా ఉన్నాయి. 2024లో ఢిల్లీ హైకోర్టు లావా ఫోన్ కంపెనీని ఎరిక్సన్‌కి 244 కోట్లు కట్టమనింది, ఆ పేటెంట్లలో ఫోన్లో మాట కుదించే ఏఎంఆర్ కోడెక్‌వి కూడా ఉన్నాయి. నీ షాపుకి ఎవురూ రారులే, కానీ లేవు అని మాత్రం అనుకోవద్దు.

బైరాగిపట్టెడ_మిక్సింగ్:
రేణిగుంటన్నా, వీఎల్‌సీ వేసినా, తాళి కనపడింది, ఆయన కాఫీ తాగి పోయినాడు. ఐఫోన్ సెట్టింగ్స్‌లో ఫార్మాట్ "మోస్ట్ కంపాటిబుల్" పెట్టుకుంటే 264లోనే తీస్తుందని కెమెరామన్‌కి చెప్పినా. "అట్ల పెడితే 4కే క్వాలిటీలో సెకనుకి 60 ఫ్రేములు రావు, నీ కంప్యూటరే మార్చుకో" అని ఫోన్ పెట్టేసినాడు.