ఐదుగురం, మూడు సైకిళ్లు, ఒక ఈవీ: సైకిళ్లు లోపలా, బయటా?

చైన్‌కవర్
ముందే చెప్పేస్తున్నా, సైకిళ్లంటే మోటర్‌సైకిళ్లు కాదు, తొక్కేవి. ఇంట్లో ఐదుగురం: మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. చిన్నదానికి ఇంకా చైల్డ్ సీటు ఉండాల్సిందే. సెలవులొస్తే మూడు సైకిళ్లతో బయల్దేరతాం. రెండు పెద్దవి, ఒకటి మావాడిది. పెట్రోలు కారు ముసలిదైపోయింది, ఈసారి ఈవీ, అంటే బ్యాటరీతో నడిచే కారు, తీసుకుందామని ఇద్దరం ఒప్పుకున్నాం. అంతవరకే ఒప్పుకున్నాం. మా ఆవిడేమో మామూలు సైజు కారు కొని సైకిళ్లు పైన కట్టుకుందాం, ఏడాదికి నాలుగు ట్రిప్పుల కోసం బస్సంత బండి ఎందుకంటోంది. కొనేదేదో పెద్దదే కొంటే అన్నీ లోపల పడేసి తలుపేసుకోవచ్చు కదా అని నేను. వారం నుంచీ ఇదే పంచాయితీ. తీర్పు చెప్పండి.

గాలివాటం
పైన మాత్రం వద్దండీ. పెట్రోలు కారు మైలేజీ తగ్గితే ఎవరూ పట్టించుకోరు, దారిలో ఎక్కడో బంకు తగులుతుంది. ఈవీలో ఆ నష్టం కళ్లముందే కనిపిస్తుంది. గాలి అడ్డు వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం రెట్టింపైతే అడ్డు నాలుగింతలవుతుంది. పైన నిలబెట్టిన సైకిల్లో చువ్వలు, గొట్టాలు, హ్యాండిల్, అన్నీ గాలిని పట్టుకునేవే. మేం మొదటిసారి రెండు సైకిళ్లు పైన కట్టుకుని బయల్దేరినప్పుడు స్క్రీన్ 310 కిలోమీటర్లు చూపించింది. గంట తర్వాత, వచ్చిన దూరం, మిగిలిన రేంజ్ (ఉన్న ఛార్జింగ్‌తో వెళ్లగలిగే దూరం) కలిపి చూస్తే 230 కూడా లేదు. వెనక పిల్లలు పాటలు పాడుతున్నారు, ముందు నేను ఏసీ తగ్గించి చెమటలు తుడుచుకుంటున్నా.

యూనిట్‌లెక్క
గాలివాటం గారూ, ఆ గంటా ఎంత స్పీడులో వెళ్లారో మాత్రం చెప్పలేదు! 110లో వెళ్లేవాళ్లు 90కి దిగితే గాలి అడ్డు దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. 90ని 110తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించండి, 0.67 వస్తుంది. ట్రిప్పు రోజు అరగంట ముందు లేస్తే తేలిపోయేదానికి, మిగతా 360 రోజులూ రెండున్నర టన్నుల బండిని తిప్పాలా? నా ఓటు మేడమ్ గారికే.

కాకపోతే రూఫ్ లోడ్, అంటే కారు పైకప్పు మోయగల బరువు, ఎంతో మాన్యువల్లో చూసుకోండి. చాలా కార్లకి అది 75 కిలోలు. అడ్డకడ్డీలు, ర్యాక్ బరువు కూడా అందులోకే వస్తాయి. అద్దాల రూఫ్ ఉన్న కొన్నింటికి కడ్డీలు బిగించే వీలే ఉండదు.

పాతపంక్చర్
పైన సైకిళ్లున్నాయన్న సంగతి మర్చిపోయి బేస్‌మెంట్ పార్కింగ్‌లోకి దిగిన మహానుభావుణ్ని నేను. ఆ చప్పుడు ఇప్పటికీ కల్లోకొస్తుంది. ఇక మాట్లాడను.

మూడోవరస
చైన్‌కవర్ గారు, మీ పక్కన నిలబడదామనే వచ్చాను. మాది ఏడు సీట్ల ఈవీ. కానీ పెద్ద బండంటే అన్నీ లోపల పట్టేస్తాయన్నది సగమే నిజం.

కియా ఈవీ9 చూడండి. ఐదు మీటర్ల పైచిలుకు పొడవు. మూడో వరస లేపి ఉంటే వెనక డిక్కీ 333 లీటర్లు, మడిస్తే 828. ఫోక్స్‌వ్యాగన్ ఐడీ బజ్‌లో ఐదు సీట్ల పొట్టి మోడల్‌కి 1,121 లీటర్లు, పొడవు 4.71 మీటర్లే. అంటే బండి పొట్టిగా ఉన్నా డిక్కీ పెద్దది, ఎందుకంటే అది డబ్బాలా నిటారుగా ఉంటుంది. సిట్రోయెన్ ఈ-బెర్లింగో ఇంకా చిన్నది, ఐదుగురు కూర్చున్నా వెనక 775 లీటర్లు మిగులుతాయి. కాకపోతే దాని బ్యాటరీ 50 కిలోవాట్ అవర్లే, దూరాలకి మధ్యలో ఆగక తప్పదు.

ఇక అసలు సంగతి. ఆ లీటర్లను ఎలా కొలుస్తారో తెలుసా? 20 × 10 × 5 సెంటీమీటర్ల దిమ్మలతో. ఒక్కోటి సరిగ్గా ఒక లీటరు. మూలమూలలా దూర్చి లెక్కపెడతారు. దిమ్మ ఎక్కడైనా దూరుతుంది, సైకిల్ దూరదు. 29 అంగుళాల చక్రానికి టైరుతో కలిపి దాదాపు 74 సెంటీమీటర్ల ఎత్తు కావాలి, మౌంటెన్ బైక్ హ్యాండిల్ వెడల్పు 76 నుంచి 80. బ్యాటరీ అడుగున ఉంటుంది కాబట్టి చాలా ఈవీల్లో నేల కాస్త పైకి లేచి ఉంటుంది. స్టైల్ కోసం వెనక అద్దం వాల్చేసిన మోడళ్లలో డోరు దగ్గరే ఎత్తు చచ్చిపోతుంది. కాబట్టి లీటర్లు వదిలేసి టేపు పట్టుకెళ్లండి. డోరు తెరిచాక కింది అంచు నుంచి పై అంచుకి ఎంత, చక్రాల గూళ్ల మధ్య వెడల్పెంత, రెండో వరస వెనక పొడవెంత.

ముందు చక్రం తీసినా సైకిల్ దాదాపు 140 సెంటీమీటర్లుంటుంది. రెండో వరసలో ముగ్గురు కూర్చుని ఉంటే దాని వెనక అంత పొడవు దొరకడం కష్టం. మేం నలుగురమే కాబట్టి, ఒకవైపు సీటు మడిచి ఆ సందులోంచి పెడతాం. మీరు ఐదుగురు. మడవడానికి మీకు సీటేదీ?

చైన్‌కవర్
ఇది నాకు తట్టనే లేదు. అమ్మని మూడో వరసలో కూర్చోబెడితే?

మూడోవరస
అప్పుడు డిక్కీయే ఉండదు కదండీ. పైగా పెద్దావిడ రెండో వరస సీటు ముందుకి జరిపి, వంగి, ఆ సందులోంచి ఎక్కాలి. ఒకసారి మీరే ఎక్కి చూడండి, మళ్లీ అడగరు.

పాతపంక్చర్
మాట్లాడనన్నాను గానీ, లోపల పెట్టడం గురించి ఒక ముక్క. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులున్న సైకిల్‌కి ముందు చక్రం తీశాక, బ్రేక్ ప్యాడ్ల మధ్య చిన్న ప్లాస్టిక్ బిళ్ల పెట్టాలి. కొత్త సైకిల్‌తో పాటు వస్తుంది, అందరం పారేస్తాం. అది లేకుండా దారిలో పిల్లలెవరైనా హ్యాండిల్ మీది బ్రేక్ నొక్కితే ప్యాడ్లు రెండూ దగ్గరికొచ్చి అతుక్కుంటాయి. అక్కడికెళ్లాక డిస్క్ దూరదు. పార్కింగులో మోకాళ్ల మీద కూర్చుని స్క్రూడ్రైవర్‌తో వాటిని విడదీసిన అనుభవం నాది. అట్టముక్క మడిచి పెట్టినా సరిపోతుంది.

ఇంకోటి. వదులుగా పడేసిన 14 కిలోల సైకిల్ సడన్ బ్రేక్ వేస్తే ఎటు వస్తుందో ఆలోచించండి. పక్కన చైల్డ్ సీటు ఉందన్నారు. నేలమీది కొక్కేలకి పట్టీతో బిగించకుండా లోపల పెట్టకండి.

గాలివాటం
అందుకే అంటున్నా, పైనా కాదు, లోపలా కాదు, వెనక. టో బార్ (ట్రైలర్ లాగడానికి కారు వెనక బిగించే కొక్కెం) మీద ర్యాక్. సైకిళ్లు కారు నీడలో ఉంటాయి, రేంజ్ నష్టం పైన పెట్టినదానితో పోలిస్తే చాలా తక్కువ. 25 కిలోల ఈ-బైక్‌ని (బ్యాటరీ సైకిల్‌ని) తలమీదికి ఎత్తే బాధ లేదు. ట్రైలర్ లాగే అనుమతి లేని ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.3 లాంటి చిన్న కారుకి కూడా సైకిల్ ర్యాక్ కోసం బిగించే ఏర్పాటు కంపెనీయే ఇచ్చింది. బస్సూ అక్కర్లేదు, రూఫూ అక్కర్లేదు. ఇంట్లో ఇద్దరికీ సగం సగం గెలుపు.

యూనిట్‌లెక్క
బరువు లెక్కేసుకుని చెప్పండి. ర్యాక్ 20 కిలోలు, రెండు సైకిళ్లు 15 చొప్పున 30, పిల్లాడిది 12, మొత్తం 62. టో బార్ పరిమితి 75 అయితే హాయిగా సరిపోతుంది. రేపు పెద్దవి రెండూ ఈ-బైకులు చేశారనుకోండి, 20 + 50 + 12 = 82. దాటేసింది. బ్యాటరీలు తీసి కారులో పెట్టినా అంచుకి వచ్చి ఆగుతుంది. కాబట్టి 100 కిలోలు మోసేది దొరికితే దానికే వెళ్లండి. ఆ అంకె టో బార్‌ది ఒకటి, ర్యాక్‌ది ఒకటి ఉంటుంది. రెండింట్లో ఏదీ దాటకూడదు. కొన్నాక బిగిద్దాంలే అనుకోకండి, కొన్ని ఈవీలకి కంపెనీ అనుమతే ఉండదు.

మూడోవరస
వెనక ర్యాక్ భక్తులు చెప్పని ముచ్చట ఒకటుంది. చాలా ఈవీల్లో ఛార్జింగ్ పోర్టు వెనక మూల మీద ఉంటుంది. రివర్స్‌లో పార్క్ చేస్తేనే కేబుల్ అందుతుంది. వెనక ఒక మీటరు మేర సైకిళ్లు వేలాడుతుంటే ఎంత దగ్గరికి రాగలరు? మా వాళ్లొకరు వానలో ర్యాక్ మొత్తం ఊడదీసి, ఛార్జింగ్ పెట్టి, అయ్యాక మళ్లీ బిగించారు.

గాలివాటం
పోర్టు ముందు ఫెండర్ మీదున్నవి, ముక్కు మీదున్నవి కూడా ఉన్నాయి. నిస్సాన్ లీఫ్ మొదటి రెండు తరాల మోడళ్లకి ముక్కు మీదే. అలాంటిది తీసుకుంటే సరి.

మూడోవరస
అంటే ఛార్జింగ్ మూత చూసి కారు కొనాలి!

గాలివాటం
డాష్‌బోర్డులో లైట్ల రంగు చూసి కొనేవాళ్లున్నారు, ఇది నయం కదా.

చైన్‌కవర్
నిన్న సాయంత్రం మావాడి సైకిల్‌తో సహా షోరూంకి వెళ్లాం. సేల్స్ అబ్బాయి ముందు నవ్వాడు, చైన్ గ్రీజు చూసి ఆగిపోయాడు. దుప్పటి పరిచి పెట్టి చూశాం. పిల్లాడి సైకిలే హ్యాండిల్ తిప్పితే గానీ డోరు దాటలేదు. నా పెద్ద సైకిల్ ముందు చక్రం తీసినా వెనక డోరు మూసుకోలేదు, జానెడు బయటే ఉంది. వెనక సీట్లో అమ్మ, పిల్లలిద్దరూ కూర్చునే ఉన్నారు. మా ఆవిడ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

నేను లోపల అన్నమాట వెనక్కి తీసుకున్నా, ఆవిడ పైన అన్నమాట వెనక్కి తీసుకుంది (పాతపంక్చర్ గారి బేస్‌మెంట్ కథ చదివి వినిపించాను). వెనక ర్యాక్, ఐదు సీట్లు, కాస్త డబ్బా ఆకారం. అంతవరకు తేలింది. టో బార్ పరిమితి 75 అని కాగితం మీద చూపించారు. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, ఛార్జింగ్ పోర్టు ఎటువైపుందో చూడనే లేదు. శనివారం మళ్లీ వెళ్తున్నాం, ఈసారి టేపు కూడా పట్టుకుని.