అప్‌డేట్: అలర్జీ మాత్ర వేసినా అమ్మ దురద ఎందుకు తగ్గలేదంటే

అమ్మకు ఏళ్ల తరబడి ఉన్న ఎగ్జిమా దురద అలర్జీ మాత్రలకు ఎందుకు లొంగడం లేదు, గోకితే హాయిగా ఉండి కాసేపటికే ఎందుకు రెట్టింపవుతోంది అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. చర్మ డాక్టరును కలిశాం, నేనూ కొంత చదివాను.

ఆ మాత్ర అడ్డుకునేది హిస్టమిన్‌ను, అంటే అలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో విడుదలై దురద పుట్టించే రసాయనాన్ని. దద్దుర్లకు అది బాగా పనిచేస్తుంది. ఎగ్జిమాలో మాత్రం రోగనిరోధక కణాలు వదిలే ఇంటర్‌ల్యూకిన్ 4, 13, 31 లాంటి సంకేత ప్రోటీన్లు చర్మంలోని నరాల కొసలను నేరుగా రెచ్చగొడతాయి. హిస్టమిన్ పాత్ర అక్కడ చిన్నది.

ఇక గోకుడు. గోకినప్పుడు కలిగే చిన్న నొప్పి వెన్నుపాములోని నిరోధక నరకణాలను లేపుతుంది, అవి దురద సంకేతం మెదడుకు చేరకుండా ఆపుతాయి. ఆ హాయి నిజమైనదే, అందుకే "గోకకు" అని అమ్మను కసరడం అన్యాయం అనిపిస్తుంది నాకు. కానీ గోళ్లకు చర్మం పైపొర చిట్లుతుంది, దెబ్బతిన్న కణాలు వాపు పుట్టించే పదార్థాలను ఇంకా వదులుతాయి, మళ్లీ దురద. పైగా నొప్పిని అణచడానికి మెదడు వాడే సెరటోనిన్ అనే రసాయనం వెన్నుపాములో దురదను పెంచుతుందని ఎలుకల్లో తేలింది. వెన్నులోకి మార్ఫిన్ ఇచ్చినప్పుడు కూడా అంతే, నొప్పి తగ్గుతుంది కానీ చాలామందికి దురద మొదలవుతుంది!

ప్రస్తుతానికి అమ్మకు మాయిశ్చరైజర్, స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ నడుస్తున్నాయి. వీటికి లొంగకపోతే ఇంటర్‌ల్యూకిన్ 4, 13 సంకేతాలను ఆపే డుపిలుమాబ్ ఇంజెక్షన్ గురించి ఆలోచిద్దామన్నారు.