సట్టర్ విగ్రహం తీసేయడం న్యాయమేనా?

ఫోల్సమ్ వాసి: 2020 జూన్‌లో కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోలో ఆస్పత్రి ముందున్న జాన్ సట్టర్ విగ్రహం తీసేశారు కదా, అది తొందరపాటు అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. 1834లో అప్పులవాళ్ల బాధ తట్టుకోలేక భార్యాపిల్లల్ని స్విట్జర్లాండ్‌లోనే వదిలి అమెరికా వచ్చేసిన మనిషి ఆయన. 1839లో, అప్పటికింకా మెక్సికో కింద ఉన్న కాలిఫోర్నియా చేరి, మెక్సికో పౌరసత్వం తీసుకుని, రెండేళ్లలో దాదాపు 49 వేల ఎకరాలు సంపాదించి ‘న్యూ హెల్వీషియా’ అని పేరు పెట్టాడు. తూర్పు నుంచి కొండలు దాటి ఆకలితో వలస వచ్చినవాళ్లకు శాక్రమెంటోలో ఆయన కట్టించిన కోటే దిక్కు. 1849లో మాంటెరీ పట్నంలో కాలిఫోర్నియా రాష్ట్ర రాజ్యాంగం రాసిన 48 మంది ప్రతినిధుల్లో ఒకడు. ఆయన మిల్లు దగ్గరే బంగారం దొరికింది, ఆ తర్వాత జనం వచ్చిపడి భూములు ఆక్రమించారు, పశువుల్ని కోసుకు తిన్నారు. పరిహారం కోసం అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌ను వేడుకుంటూనే 1880లో వాషింగ్టన్‌లో కన్నుమూశాడు. ఇంత నష్టపోయినవాడి మీద ఇప్పుడు కక్ష ఎందుకు?

పాత పుటలు: ఆయన పోగొట్టుకున్న భూమి అంతకుముందు ఎవరిది అన్నది మీ పోస్టులో లేదు. అక్కడి మూలవాసులైన నిసెనాన్, మివోక్ ప్రజలది. సట్టర్ పొలాల్లో గోధుమలు కోసింది, ఆ కోట గోడలు కట్టింది వాళ్లే. 1846లో అక్కడికి వెళ్లిన జేమ్స్ క్లైమన్ అనే యాత్రికుడు, సట్టర్ ఆరు నుంచి ఎనిమిది వందల మంది మూలవాసులను పూర్తి బానిసత్వంలో ఉంచాడని, తొట్లలో తిండి పోస్తున్నారని రాసుకున్నాడు. సట్టర్ దగ్గర పనిచేసిన హైన్రిక్ లీన్‌హార్డ్ కూడా స్విస్ వాడే, రాత్రిళ్లు కూలీలను గదుల్లో పెట్టి తాళం వేసేవారని ఆయనే చెప్పాడు. ఇవి ఇప్పటివాళ్లు అల్లిన మాటలు కావు.

ఫోల్సమ్ వాసి: కానీ ఆ కాలంలో అన్ని రాంచోల్లోనూ, అంటే పెద్ద పశువుల ఎస్టేట్లలోనూ, అదే పద్ధతి కదండీ. ఒక్కడినే ఎందుకు నిలదీయాలి? 1846లో కాలిఫోర్నియాకు వలస వస్తున్న డోనర్ బృందం కొండల్లో మంచులో చిక్కుకోకముందే వాళ్లకు కంచర గాడిదల మీద తిండి పంపింది సట్టరే. దాని ఖరీదు తిరిగి వస్తుందన్న నమ్మకం లేకుండానే పంపాడు.

పాత పుటలు: పంపాడు, నిజమే. ఆ తిండి తీసుకెళ్లిన వాళ్లలో ఇద్దరు కోటలో పనిచేసే మివోక్ యువకులు, లూయిస్, సాల్వడార్. మంచులో ఆకలి ముదిరాక ఆ బృందంలోని వాళ్లే ఆ ఇద్దరినీ కాల్చి చంపి తిన్నారు. సట్టర్ దయ గురించి చెప్పే ప్రతిచోటా ఆ రెండు పేర్లు కూడా ఉండాలని నా పట్టుదల.

‘అప్పుడు అందరూ అంతే’ అన్న మాట సట్టర్ విషయంలో అస్సలు నిలవదు, ఎందుకంటే ఆయన మామూలు రైతు కాదు, ఆ లోయలో మెక్సికో ప్రభుత్వం నియమించిన అధికారి, తీర్పు చెప్పేవాడు, శిక్ష వేసేవాడు అన్నీ ఆయనే. మెక్సికో 1829లోనే బానిసత్వాన్ని రద్దు చేసింది. ఆ చట్టాన్ని అమలు చేయాల్సిన మనిషే తాళం వేయిస్తుంటే కూలీ ఎవరి దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేయాలి? తర్వాత మాంటెరీలో కూర్చుని రాసిన రాజ్యాంగం ఓటు హక్కును తెల్లవాళ్లకే పరిమితం చేసింది, ఇండియన్లకు, అంటే అక్కడి మూలవాసులకు, ఇవ్వాలంటే శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలట. ఆ నవంబర్‌లో గవర్నర్ పదవికి పోటీ చేసి సట్టర్ మూడో స్థానంలో ఆగిపోయాడు, మరుసటి ఏడు వచ్చిన చట్టం ఇండియన్లను బలవంతపు కూలీకి కట్టేసింది.

మధ్యలో ఒకడు: అయితే కోటను కూడా కూల్చేద్దామా? మా పిల్లల స్కూల్ వాళ్లు అక్కడికి ట్రిప్‌కు తీసుకెళ్తారు.

పాత పుటలు: వద్దు, కోట ఉండాలి, పిల్లలు వెళ్లాలి. కానీ బంగారం, బండ్లు, ఫిరంగుల దగ్గరే కథ ఆపేయకూడదు. ఏ గదులకు రాత్రి తాళం పడేదో కూడా వాళ్లకు చూపించాలి. విగ్రహం అంటే గౌరవం, దాన్ని తీసేయడం సరైనదే. భూమి పోయినందుకు సట్టర్‌కు కాలిఫోర్నియా 1864 నుంచి కొన్నేళ్లు నెలకు 250 డాలర్లు ఇచ్చింది. ఆయన పొలాల్లో గోధుమలు కోసిన నిసెనాన్లకు ఏమిచ్చిందో మీరే చెప్పండి.